ప్రశ్నావళా, వీడియోనా? ఆటిజంలో పదేపదే చేసే పనుల లెక్క

చేతులు ఆడించడం, వస్తువును గిరగిరా తిప్పడం, రోజూ ఒకే దారిలోనే వెళ్లాలనడం. ఆటిజంలో వీటిని కొలవడానికి తల్లిదండ్రులు నింపే ప్రశ్నావళి ఒక పద్ధతి. పిల్లాడిని నేరుగానో వీడియోలోనో చూసి లెక్కపెట్టడం ఇంకోటి.

ప్రశ్నావళుల్లో బాగా వాడుకలో ఉన్నది ఆర్‌బీఎస్‌-ఆర్‌ (రిపిటీటివ్ బిహేవియర్ స్కేల్-రివైజ్డ్, అంటే పదేపదే చేసే పనులను కొలిచే పట్టిక). 43 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు. ఎప్పుడో ఒకసారి బయటపడే పట్టుదలలు దీనికి బాగా చిక్కుతాయి. రాజోలు పిల్లాడు నరసాపురం వెళ్లాలంటే సఖినేటిపల్లి రేవులో పంటే (గోదావరి దాటించే పడవే) ఎక్కాలంటాడు. చించినాడ వంతెన మీదుగా తీసుకెళ్తే దారంతా ఏడుపే. అరగంట వీడియోలో ఇది ఎక్కడ దొరుకుతుంది? కాకపోతే మార్కు వేసేది మనిషి. రోజంతా వెంట ఉండి అలసిపోయిన అమ్మ 3 వేసిన చోట, "మగపిల్లాడు, అంతేలెండి" అనే తాతయ్య 0 వేస్తారు.

వీడియోతో ఆ గొడవ తక్కువ. ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నది తేలుతుంది. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు. అయితే 10 సెకన్ల ముక్కలు చేసి, ముక్కలో ఒక్కసారి కనిపించినా టిక్కు పెడితే అసలు సమయం కన్నా ఎక్కువ చూపిస్తుంది. ఓపికా కావాలి.

థెరపీ వల్ల ఒక్క అలవాటులో మార్పు చూడాలంటే వీడియోనే. డాక్టర్ కోసం అమలాపురం నుంచి కాకినాడకు బస్సులో వచ్చే కుటుంబానికి మాత్రం నా ఓటు ప్రశ్నావళికే, అదీ రోజూ పిల్లాడితో ఉండేవాళ్లు నింపితేనే. తల బాదుకోవడం లాంటివి ఉంటే ఫోన్లో తీసి డాక్టర్‌కి చూపించండి.