సముద్రపు గాలిలో స్క్రోల్ సా: ఏళ్ల తరబడి వాడాక

విశాఖ పెదవాల్తేరులోని మా ఇంటి వెనక వరండాలో 16 అంగుళాల స్క్రోల్ సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ వంపులు కోసే రంపపు మిషన్) ఒకటి ఏళ్లుగా పని చేస్తోంది. 120 వాట్ల డీసీ మోటారు, 5 అంగుళాల బ్లేడ్లు, స్పీడు తగ్గించుకోవడానికీ పెంచుకోవడానికీ ఒక నాబ్. పూజా మందిరం తలుపులకు జాలీలు, నేమ్ ప్లేట్లు, పిల్లల పజిళ్లు, అన్నీ దీని మీదే కోస్తాను. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర మెత్తన కాబట్టి హాయిగా తెగుతుంది. ముప్పావు అంగుళం టేకుకు మాత్రం ఓపిక కావాలి. తొందరపడి నెడితే బ్లేడు వంగి గీత తప్పుతుంది. కోత శుభ్రంగా ఉంటుంది, అదురు తక్కువ. ఆ విషయంలో నాకు పూర్తి తృప్తి.

ఇక్కడ ఎక్కువగా రాయాలనుకున్నది దీనికి వచ్చిన జబ్బు గురించి. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి నీరసపడిపోయేది. కాసేపటికి మళ్లీ అందుకునేది. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే స్పీడు బోర్డు (మోటారు వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ బోర్డు) పోయిందని తేల్చేసి, దానికి డబ్బు పెడతారు. దయచేసి అంత తొందర వద్దు.

ముందు చెవితో వినండి. మోటారు శబ్దం మారకుండా కోత మాత్రం ఆగిపోతే కరెంటుతో సంబంధం లేదు. బ్లేడు మొద్దుబారి ఉంటుంది, లేదా క్లాంపులో జారుతుంటుంది. శబ్దం కూడా దిగిపోతోందంటే అప్పుడు చెక్క తీసేసి ఖాళీగా నడపండి. ఖాళీగా బాగా తిరిగి, చెక్క పెట్టగానే కుంగితే మోటారుకు బలం చాలడం లేదు. ఖాళీగానూ ఆగి ఆగి తిరుగుతుంటే ఎక్కడో కాంటాక్టు సరిగ్గా అందడం లేదని నా అనుభవం. ప్లగ్గు పీకి బ్లేడును పట్టుకునే ఆర్మ్‌ను చేత్తో కదిపి చూడటం కూడా మరవకండి. బిగుసుకుని కదిలితే బేరింగుల్లో నూనె ఎండిపోయిందన్నమాట.

తర్వాత చూడాల్సింది ఇంటి కరెంటు. మిషన్ పెట్టిన జంక్షన్ బాక్సుకే పాత ఫిలమెంట్ బల్బు ఒకటి పెట్టండి. మిషన్ కుంగినప్పుడు బల్బూ మసకబారితే తప్పు బాక్సులోనో, దాని ప్లగ్గులోనో, ఇంటి కరెంటులోనో ఉంది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు, వోల్టేజీ కొంత పడిపోయినా చాలా ఎల్ఈడీలు వెలుగు తగ్గనివ్వవు. ఈ రంపం తీసుకునేది 230 వోల్టుల దగ్గర అర ఆంపియరు చిల్లర మాత్రమే, కాబట్టి వైరు సన్నమని అనుమానించే ముందు వదులుగా ఉన్న సాకెట్‌ను అనుమానించండి. మా ఇంట్లో బల్బు చెక్కుచెదరలేదు. అంటే జబ్బు మిషన్ లోపలే.

గాజువాక వైపు మోటార్లు వైండింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బోర్డు జోలికే పోలేదు. మోటారు పక్కనున్న మూత విప్పి, "కార్బన్లు అరగలేదు బాబూ, ఇరుక్కుపోయాయి" అన్నారు. కార్బన్లంటే కార్బన్ బ్రష్‌లు, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్కలు. బ్రష్‌ను వెనకనుంచి స్ప్రింగు నెడుతూ ఉంటేనే అది కమ్యూటేటర్‌ను, అంటే తిరిగే ఇరుసు మీది రాగి పలకల చుట్టును, తాకుతూ ఉంటుంది. మన ఊళ్లో ఉప్పుగాలికి బ్రష్ కూర్చునే ఇత్తడి గూడు పచ్చగా చిలుము పడుతుంది. రంపపు పొట్టూ, కార్బన్ పొడీ తేమతో కలిసి అందులో ముద్దకడతాయి. బ్రష్ ముందుకు జరగదు, సగం తాకీ తాకకుండా ఉంటుంది. అప్పుడు అక్కడ నిప్పురవ్వలు పెరుగుతాయి, బలం పడిపోతుంది. మోటారు మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే పనిచేస్తోందంటే దాదాపు ఇదే కారణం.

బాగుచేయడం కష్టమేమీ కాదు. ప్లగ్గు పీకేసి కాసేపు ఆగండి, బోర్డు మీది కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండొచ్చు. బ్రష్‌లు తీసి, ఏది ఏ వైపుదో, ఏ ముఖం ఎటు ఉందో గుర్తు పెట్టుకోండి. గూడు తుడిచి, బ్రష్ తన బరువుకే జారేలా చేయండి. కమ్యూటేటర్‌ను సన్నని ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్దాలి. ఎమరీ కాగితం మాత్రం వద్దు, దాని పొడి కరెంటు పారనిచ్చి రాగి పలకల మధ్య షార్టు చేస్తుంది. బ్రష్ పొడవు 6 మిల్లీమీటర్లకు దగ్గరపడితే రెండూ కలిపి మార్చేయండి. స్ప్రింగు నల్లబడి మెత్తబడినా మార్చాల్సిందే. నాకు స్పీడు నాబ్ లోపల కూడా పొట్టు చేరింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ కొన్నిసార్లు తిప్పాక స్పీడు ఎగుడుదిగుళ్లు పోయాయి.

ఇవన్నీ చేశాకా కుంగుతూనే ఉంటే, అప్పుడు బోర్డును అనుమానించడం న్యాయం. కాసేపు నడిచి వేడెక్కాక మాత్రమే ఆగి, చల్లారాక మళ్లీ నడిస్తే బోర్డో ఆర్మేచరో (మోటారులో తిరిగే వైండింగ్ భాగం) చూపించాలి. అది ఇంట్లో తేలే పని కాదు.

ఈ మిషన్ మీద నాకున్న పెద్ద అసంతృప్తి ఒక్కటే. రెండు బ్రష్ మూతల్లో ఒకటి బయటికే ఉంది, రెండోది బాడీ వైపు దాక్కుని ఉంది. దాని కోసం పక్క కవరంతా విప్పాలి. తీరప్రాంతంలో తరచూ చూడాల్సిన భాగాన్ని అలా పెట్టడం బాగోలేదు. స్విచ్చుకు కూడా పొట్టు పోకుండా రబ్బరు తొడుగు లేదు. టేబులు తుప్పు పట్టకుండా నేను మైనం రుద్దుతుంటాను, వానాకాలంలో గుడ్డ కప్పి ఉంచుతాను. పని అయ్యాక బ్లోయర్‌తో మోటారు గాలి రంధ్రాలు ఊదడం అలవాటు చేసుకున్నాక ఈ జబ్బు మళ్లీ రాలేదు.

విశాఖలో కొనేవాళ్లు షాపులో స్పీడు అంకెల కన్నా ముందు మిషన్‌ను పక్కకు తిప్పి, రెండు బ్రష్ మూతలకూ స్క్రూడ్రైవర్ అందుతుందో లేదో చూడండి. ఆ సైజు కార్బన్లు విడిగా దొరుకుతాయా అని అక్కడే అడగండి. దొరికితే రెండు జతలు అదనంగా తీసుకోండి.