స్టాప్ లిమిట్: మూడేళ్ళ వాడకం తర్వాత నా మాట

ఈ క్రిప్టో యాప్‌ను మూడేళ్ళకు పైగా వాడుతున్నాను. ఖాతా తెరవడం, ఫీజులు, కేవైసీ గురించి చాలామంది రాశారు. నేను రాసేది అందులోని స్టాప్ లిమిట్ ఆర్డర్ గురించే. ధర మనం పెట్టిన మొదటి హద్దుకు (ట్రిగ్గర్) దిగగానే అమ్మకానికి పెట్టి, రెండో హద్దుకు (లిమిట్) తగ్గకుండా అమ్మే ఆర్డర్ అది. దాని మీద నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు.

2024 ఆగస్టు 5న బిట్‌కాయిన్ యాభై వేల డాలర్ల కిందికి జారింది. చౌకగా అప్పు తెచ్చుకున్న జపాన్ యెన్‌ను తిరిగి కట్టడానికి అందరూ ఒకేసారి తమ పెట్టుబడులు అమ్మబోవడం అందుకు పెద్ద కారణం. ఆ రోజు నేను పర్లాకిమిడిలో మా దుకాణంలో బేరాలు చూసుకుంటూ ఉండగానే, నా ఆర్డర్ పెట్టిన ధరకే అమలైంది. ఇంతకంటే మంచి కాపలా లేదని బంధువులందరికీ చెప్పాను. ఆ మెచ్చుకోలుకు ఇప్పుడు ఒక షరతు చేర్చాలి. ఆనాటి పతనం గంటల తరబడి సాగింది, ప్రతి మెట్టు మీదా కొనేవాళ్ళు దొరికారు.

2025 అక్టోబర్ 11న అలా జరగలేదు. చైనా సరుకుల మీద అదనంగా 100 శాతం సుంకం వేస్తానని ట్రంప్ ప్రకటించేసరికి ఇక్కడ రాత్రి రెండు దాటింది. బరంపురంలో ఉండే మా బావమరిది మేలుకునే ఉన్నాడు. "బావా, ఫోను చూశారా? సొలానా కుప్పకూలుతోంది" అన్నాడు. ఆ క్రిప్టో నాణెం 200 డాలర్లకు దిగితే అమ్మమని, 195కు తగ్గకుండా అమ్మమని నేను ముందే ఆర్డర్ పెట్టి ఉంచాను. తెరిచి చూస్తే ట్రిగ్గర్ పడింది, అమ్మకం మాత్రం జరగలేదు. ధర 200 నుంచి 195 మీదుగా ఎంత వేగంగా దూకిందంటే, ఆ నడుమ కొనేవాడే లేడు. నా ఆర్డర్ పైన వేలాడుతోంది, ధర ఎప్పుడో దాని కిందికి పోయింది. రద్దు చేయబోతే తెర తిరుగుతూనే ఉంది. అమ్మకం జరగలేదని ఒక్క సందేశమైనా రాలేదు. నన్ను మండించింది అదే. ఈ సదుపాయానికి "నష్ట రక్షణ" అని పేరు పెట్టినవాళ్ళు, ధర లిమిట్‌ను దాటి దూకితే రక్షణ ఉండదని అదే తెర మీద రాయాలి కదా!

ఆ ఒక్క రోజులో అప్పు మీద వేసిన పందేలు 1,900 కోట్ల డాలర్లకు పైగా బలవంతంగా మూతపడ్డాయి. నాకు అప్పు లేదు, దీపావళి సరుకుకు కట్టాల్సిన డబ్బు బ్యాంకులోనే ఉంది. అందుకే ఆ రాత్రి ఇంకేమీ చేయకుండా ఉండగలిగాను. ఆ రోజుకు సరిగ్గా ఏడేళ్ళ ముందు, అదే తేదీన తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను ఊడ్చేసింది. దానికి ముందు హెచ్చరికైనా వచ్చింది.

ఇప్పుడు ట్రిగ్గర్‌కూ లిమిట్‌కూ మధ్య పదిహేను శాతం ఎడం ఉంచుతున్నాను. దీనివల్ల అమ్మకం జరిగే అవకాశం పెరుగుతుంది కానీ, బాగా తక్కువ ధరకు పోయే ప్రమాదమూ ఉంటుంది. మన దేశంలో మరో చిక్కు ఉంది: అమ్మిన ప్రతిసారీ ఒక శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పోతుంది, ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభంలో తగ్గించుకునే వీలు లేదు. కాబట్టి కంగారుపడి అమ్మి మళ్ళీ కొనడం మనకు ఖరీదైన పని. సగానికి సగం పోయినా దుకాణం ఆగనంత మొత్తమే అందులో ఉంచడం నాకు ఏ ఆర్డర్ కంటే ఎక్కువ పనికొచ్చింది.

యాప్‌ను తీసేయలేదు. పగటిపూట, నిదానంగా దిగే మార్కెట్‌లో ఈ ఆర్డర్ బాగానే పని చేస్తుంది. రోజంతా తెర ముందు కూర్చోగలిగినవాళ్ళు నాకంటే ఎక్కువ మార్కులు వేయవచ్చు. రాత్రి తొమ్మిదికి దుకాణం కట్టేసి పడుకునే నేను ఐదుకు మూడు ఇస్తాను. అమ్మకం జరగనప్పుడు ఫోను మోగేలా చేస్తే నాలుగు ఇస్తాను.