అక్టోబరులో గోలీని దేనితో తూచాలి?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ సాధారణంగా అక్టోబరు మొదట్లో మొదలవుతుంది. నెల తిరక్కుండానే ఒక గోలీ (గోల్‌కీపర్) పని అయిపోయిందనీ, ఇంకొకడు ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీ కొట్టేస్తాడనీ తీర్పులు వచ్చేస్తాయి. అందుకు వాడే కొలతలు ముఖ్యంగా మూడు: గోల్స్ అగెనెస్ట్ యావరేజ్ (జీఏఏ), సేవ్ శాతం (వచ్చిన షాట్లలో ఆపినవాటి వంతు; 0.900 అంటే వందకు 90), జీఎస్‌ఏఎక్స్ (అంచనా కన్నా ఎన్ని గోల్స్ ఎక్కువ ఆపాడన్న లెక్క).

జీఏఏని పక్కన పెట్టేయొచ్చు. ఇచ్చిన గోల్స్‌ని 60తో హెచ్చించి, ఆడిన నిమిషాలతో భాగిస్తే వచ్చే అంకె అది. పూర్తి 60 నిమిషాల ఆటలో ఒకడు 20 షాట్లకు 2 గోల్స్, మరొకడు 35 షాట్లకు 3 గోల్స్ ఇచ్చారనుకోండి. జీఏఏ చూస్తే మొదటివాడు మేలు (2.00, 3.00), సేవ్ శాతం చూస్తే రెండోవాడు (0.900, 0.914). షాట్లు ఎన్ని వచ్చాయన్నది చాలావరకు డిఫెన్స్ వాళ్ల పద్దు. దాన్ని గోలీ ఖాతాలో రాయడం అన్యాయం.

మరి సేవ్ శాతం? పదేళ్ల కిందట 0.915 దగ్గరున్న లీగ్ సగటు ఇప్పుడు 0.900 దరిదాపులకు దిగింది. కాబట్టి 0.905 చూసి పెదవి విరవక్కర్లేదు. అసలు చిక్కు లెక్క చిన్నది కావడం. ఆటకు 28 షాట్ల చొప్పున 10 ఆటలంటే 280 షాట్లే. నిజంగా 0.900 సత్తా ఉన్నవాడు ఒట్టి అదృష్టం కొద్దీ 0.882 నుంచి 0.918 దాకా ఎక్కడైనా తేలొచ్చు. మూడింట ఒకసారి ఆ హద్దులూ దాటుతాడు.

పైగా ఇందులో రిఫరీల చెయ్యి కూడా ఉంది. పెనాల్టీలు ఎక్కువైతే గోలీ ముందు ఒక మనిషి తగ్గుతాడు, అడ్డంగా పాస్‌లు పడతాయి, శాతం జారుతుంది. జీతాల తగాదాతో ఒక సీజన్ రద్దయిన లాకౌట్ తర్వాత 2005-06లో పట్టుకోవడాల మీద రిఫరీలు కఠినంగా ఉన్నారు. ఆటకు ఒక్కో జట్టుకు 5.85 పవర్‌ప్లేలు (ఎదుటి జట్టు పెనాల్టీ వల్ల మనిషి తక్కువతో ఆడే సమయాలు) వచ్చాయి. లీగ్ సేవ్ శాతం 0.911 నుంచి 0.901కి పడింది. (గోలీ ప్యాడ్ల వెడల్పును 12 అంగుళాల నుంచి 11కు కోసిందీ ఆ ఏడాదే, నింద మొత్తం ఈలల మీద వేయలేం.) అందుకే మొత్తం శాతం కన్నా ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పటి శాతం మెరుగు. కాకపోతే షాట్లు ఇంకా తగ్గుతాయి.

ఎదుటి ఆటగాడు గోలీకి అడ్డుపడ్డాడని (ఇంటర్‌ఫియరెన్స్) ఒక్క గోల్ రద్దయినా అంకె కదులుతుంది. 280 షాట్లలో అయితే 0.900 కాస్తా 0.903 దాటుతుంది. తొలి 3 ఆటల్లో, 84 షాట్లకు 8 గోల్స్ ఉన్న దశలో అయితే 0.905 ఏకంగా 0.915 దాటేస్తుంది. గోల్‌ను రద్దు చేయమని కోచ్ చేసే చాలెంజ్ మన క్రికెట్ డీఆర్‌ఎస్ లాంటిదే, కానీ ఓడితే శిక్ష గట్టిది: 2019-20 నుంచి మొదటిసారికి 2 నిమిషాలు, రెండోసారికి 4 నిమిషాలు ఒక మనిషి తక్కువతో ఆడాలి. పవర్‌ప్లేలు సుమారు ఐదింట ఒకటి గోలవుతాయి గనుక, గెలిస్తే 1 గోల్ లాభం, ఓడితే 0.2 నష్టం. అంటే మొదటి చాలెంజ్‌కు 17 శాతం ఆశ ఉన్నా గిట్టుబాటే.

జీఎస్‌ఏఎక్స్ ప్రతి షాట్‌కూ దూరం, కోణం, రీబౌండా (గోలీకి తగిలి వెనక్కొచ్చిందా) కాదా చూసి విలువ కడుతుంది. 30.5 గోల్స్ విలువైన షాట్లకు 28 ఇస్తే +2.5. దూరం నుంచి కొట్టిన షాట్‌నూ ముంగిట్లో రీబౌండ్‌నూ ఒకే గాటన కట్టదు గనుక మొదటి 10 ఆటలకు నేను దీన్నే నమ్ముతాను. లోపం ఉంది: మనీపక్ వెబ్‌సైట్ వంటి బహిరంగ మోడళ్లకు షాట్‌కు ముందు పడ్డ అడ్డపాస్, గోలీ కళ్లకు అడ్డంగా నిలబడ్డ ఆటగాడు సరిగా కనబడవు. ఆ లోటు వీడియోతో పూడ్చుకోవాలి. రీబౌండ్‌ను మూలకు నెడుతున్నాడా, గోల్‌కు ఎదురుగా ఉండే స్లాట్‌లోకి వదులుతున్నాడా? గోల్ ముందు గీసిన క్రీజులో మరీ లోపలికి కూర్చుంటున్నాడా? మొత్తం సేవ్ శాతం మాట 30 ఆటలయ్యాకే.

తొలి ఆటల అంకెలు ఎంతవరకు చెబుతాయో ఒక ఉదాహరణ: 2023 నవంబరులో ఎడ్మంటన్ జట్టు 3-9-1తో (3 గెలుపులు, 9 ఓటములు, అదనపు సమయంలో 1 ఓటమి) ఉన్నప్పుడు కోచ్ జే వుడ్‌క్రాఫ్ట్‌ను తీసేసింది. అంతకుముందే రెండో గోలీ జాక్ క్యాంప్‌బెల్‌ను మైనర్ లీగ్‌కు పంపింది. అప్పటికి ఇద్దరు గోలీల అంకెలూ నేలచూపులే. వారిలో స్టువర్ట్ స్కిన్నర్ సీజన్‌ను 0.905 సేవ్ శాతంతో ముగించి, జట్టుతో లీగ్ టైటిల్ పోరైన స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో ఆట దాకా వెళ్లాడు. క్యాంప్‌బెల్ కాంట్రాక్టును మాత్రం ఆ వేసవిలో జట్టు డబ్బు కట్టి వదిలించుకుంది.