నజారా షేరు కొనేముందు నేను చూసినవి

గేమింగ్ కంపెనీ అనగానే ఎగబడకుండా, డబ్బు ఏ ఆట నుంచి వస్తోందో ముందు చూడాలి. నజారా టెక్నాలజీస్ 2021 మార్చిలో షేరు 1,101 రూపాయల చొప్పున ఐపీఓకి, అంటే తొలిసారి జనానికి షేర్లు అమ్మడానికి వచ్చింది, మార్కెట్లో లిస్టయిన రోజే ధర ఎగిరింది. వార్షిక నివేదికలో నేను ఎక్కువసేపు ఆగింది నజారా వాళ్ల కిడ్డోపియా దగ్గర. చిన్నపిల్లల యాప్, చందా కట్టేది ఎక్కువగా అమెరికా తల్లిదండ్రులు. ఒక్కో కొత్త చందాదారు కోసం ప్రకటనలకు ఎంత పోస్తున్నారు, వాళ్లు ఎన్నాళ్లు నిలుస్తున్నారు, అసలు లెక్క అదే. ఐఫోన్లలో ట్రాకింగ్‌కి, అంటే ఎవరు ఏం చూస్తున్నారో గమనించి వాళ్లకు తగ్గ ప్రకటన చూపడానికి, ఆపిల్ కళ్లెం వేశాక ఆ ఖర్చు పెరిగింది.

2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను పార్లమెంటు నిషేధించగానే షేరు దబ్బున పడింది. డబ్బు పెట్టి పేకాట ఆడించే పోకర్‌బాజీ యాప్ మాతృసంస్థలో అప్పటికి నజారాకు వాటా ఉంది మరి. వేరే కంపెనీలను కొంటూ పెరిగే సంస్థ కాబట్టి అమ్మకాల కంటే చేతికొచ్చే నగదే చూస్తాను. నాకు నచ్చిన కంపెనీయే, కానీ కొద్దికొద్దిగానే కొంటాను. అమ్మాయి ఫీజు డబ్బులు మాత్రం ముట్టుకోను.