డేనిష్ తొలిపాఠాల యాప్: పలకరింపుల వరకు భేష్, 50 దాటితే గల్లంతు

కొత్తగా డేనిష్ మొదలుపెట్టేవాళ్లు వాడే ఫ్లాష్‌కార్డుల యాప్ ఇది. పేరు చెప్పను. హాయ్, తక్ (థాంక్స్) లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నా కోపమంతా అంకెల పాఠం మీదే.

హల్‌ట్రెస్ 50, ట్రెస్ 60, హల్‌ఫ్యేర్స్ 70, ఫీర్స్ 80, హల్‌ఫెమ్స్ 90. ఇలా ఒక్కో కార్డు చూపించి బట్టీ కొట్టమంటుంది, ఎందుకో ఒక్క ముక్క చెప్పదు. ఈ లెక్క ఇరవైల్లో నడుస్తుంది. ట్రెస్ మూడు ఇరవైలు, ఫీర్స్ నాలుగు ఇరవైలు. ముందు 'హల్' చేరితే అర తగ్గుతుంది. అంటే రెండున్నర ఇరవైలు 50, మూడున్నర 70, నాలుగున్నర 90. గడియారంలోనూ ఇదే పద్ధతి, 'హల్ ట్రే' అంటే మూడున్నర కాదు, రెండున్నర. యాప్‌లో టైమ్ పాఠం ఎక్కడో చివర పడేశారు. రెండూ పక్కపక్కన పెట్టి ఉంటే సగం అవస్థ తప్పేది. ఆ 'హల్' చెవిన పడకపోతే 50 కాస్తా 60 అయిపోతుంది మరి.

అంతకన్నా పెద్ద చిక్కు, ఒకట్ల స్థానం ముందు చెప్పడం. 47ని 'స్యూ ఒ ఫ్యోర్' అంటారు, ఏడూ నలభై అన్నట్టు. వింటూ ఎడమ నుంచి రాస్తే 74 పడుతుంది. డెన్మార్క్ ఫోన్ నంబరు 8 అంకెలు, రెండేసి చొప్పున నాలుగు జతలుగా చెబుతారు. షాపులో 99,95 ధరని (అక్కడ దశాంశానికి కామా) 'నీ ఒ హల్‌ఫెమ్స్, ఫెమ్ ఒ హల్‌ఫెమ్స్' అని క్రోనర్ (అక్కడి కరెన్సీ) మాటైనా లేకుండా గుక్కలో అనేస్తారు. ఇలాంటి కార్డు యాప్‌లో ఒక్కటీ లేదు!

వాడక తప్పకపోతే కార్డు మీద రాత దాచేసి ఆడియో ఒక్కటే పెట్టుకోండి. కాగితం మీద రెండేసి గళ్ల జతలు గీసి, మొదట విన్నది కుడి గడిలో, తర్వాతది ఎడమ గడిలో వేయండి. కలిసిపోయే వాటిని కట్టలుగా విడదీయండి. 4, 40, 80 ఒక కట్ట (ఫీర్, ఫ్యోర్, ఫీర్స్), 3, 30, 50, 60 ఒకటి, 5, 15, 90 ఇంకొకటి.

మెచ్చుకోవాల్సింది వాక్యాల విభాగం. 'యా వి గేర్న హ' అని మొదలుపెట్టి చివర మాట మార్చుకుంటూ పోతే కాఫీ, బ్రెడ్, టికెట్ ఏదైనా మర్యాదగా అడగొచ్చు. నెమ్మదిగా వినిపించే బటన్ కూడా మొదట్లో చాలా నచ్చింది. కానీ సాగదీస్తే గొంతులో పడే ఆ చిన్న బిగింపు, స్టోడ్, మాయమైపోతుంది. 'హున్' బిగించకుండా అంటే ఆమె, బిగిస్తే కుక్క. కాబట్టి ఆ బటన్ అచ్చుల కోసం ఒకసారి నొక్కి, వెంటనే మామూలు వేగానికి వచ్చేయాలి.

నేను చదివి కాకుండా విని నేర్చుకునే రకం, అందుకే అంకెల దగ్గర ఇంత మంట. రాత చూసి పట్టేవాళ్లకి ఇంత బాధ ఉండకపోవచ్చు. కోపెన్‌హాగెన్‌లో ఇంగ్లీషుతో నడిచే ఆఫీసు ఉద్యోగమైతే ఉచిత భాగం చాలు. కేఫ్‌లోనో షాపులోనో పనికి చేరేవాళ్లు మాత్రం అంకెల కోసమని దీనికి డబ్బు కట్టకండి. ముందు మీ ఫోన్ నంబరు, మీ సీపీఆర్ నంబరు (డెన్మార్క్‌లో ఉండేవాళ్లకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) మొదట్లో ఉండే పుట్టినతేదీ ఆరంకెలు జతలుగా పైకి చెప్పడం మొదలుపెట్టండి. కౌంటర్ల దగ్గర ముందుగా అడిగేవి అవే.