హ్యాష్‌లుకప్: మూడేళ్లు వాడాక

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాది కంప్యూటర్ రిపేరు షాపు. ఇక్కడివాళ్లతో పాటు సరిహద్దు అవతల పాతపట్నం నుంచీ వస్తుంటారు. చాలామంది జేబులో ఓ పెన్‌డ్రైవ్ ఉంటుంది, దాన్నిండా ఎవరెవరి దగ్గరో ఎక్కించుకున్న సెటప్ ఫైళ్లు. మా షాపు హార్డ్‌డిస్కు కూడా ఏం తక్కువ కాదు. 'సెటప్', 'సెటప్ కొత్తది', 'సెటప్ ఇదే' అని ఉంటాయి. ఏది ఏమిటో పేర్లు పెట్టిన నాకే తెలీదు. ఆ చెత్త ఏరడానికే హ్యాష్‌లుకప్ పట్టుకున్నాను.

లక్సెంబర్గ్‌లోని సర్కిల్ అనే సంస్థ నడిపే ఉచిత సేవ ఇది. ఫైలు పంపక్కర్లేదు, దాని హ్యాష్, అంటే ఫైలు లోపలున్నదాన్ని లెక్కగట్టి తీసే వేలిముద్ర లాంటి అక్షరాల వరస, ఇస్తే చాలు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తయారుచేసే, తెలిసిన సాఫ్ట్‌వేర్ ఫైళ్ల జాబితా ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్‌లోనూ, లినక్స్ ప్యాకేజీల్లోనూ వెతికి, తెలిసిన ఫైలైతే పేరు, సైజు లాంటి వివరాలు ఇస్తుంది. కస్టమర్ ఫైలు షాపు దాటి వెళ్లదు. నాకు బాగా నచ్చింది అదే.

హ్యాష్ తీయడానికి విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ అనే కమాండ్ సరిపోతుంది. మామూలుగా 40 అక్షరాల షా-1 రకం హ్యాష్ ఇస్తుంది, షా-256 కావాలని అడిగితే 64 అక్షరాలది ఇస్తుంది.

ఓ వానాకాలం పాతపట్నం నుంచి ఒక పెద్దాయన ప్రింటర్ డ్రైవర్ పట్టుకొచ్చారు. నేను హ్యాష్ తీస్తుంటే, "ఏటి బాబూ, పేరు సరిగ్గానే ఉంది కదా, మళ్లీ చూడ్డమెందుకు?" అన్నారు. పేరుదేముందండీ, ఎవరైనా మార్చేస్తారు. లోపల ఒక్క బైటు మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. వెతికితే దొరకలేదు. వైరస్సేమోనని టెన్షన్ పట్టుకుంది. తీరా సైజు చూస్తే, కంపెనీ సైటులో ఉన్నదాని కంటే బాగా తక్కువ. డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోయిన ఫైలది! మళ్లీ దించి చూస్తే వెంటనే దొరికింది.

కాబట్టి 'దొరకలేదు' అంటే దొంగ ఫైలని కాదు. నిన్న విడుదలైన వెర్షన్ కూడా దొరక్కపోవచ్చు. అలాగే 'తెలిసినదే' అంటే మంచిదనీ కాదు. కుదించిన ఫైళ్లు విప్పే విన్‌రార్ సంగతే చూడండి. 5.70కి ముందు వెర్షన్లలో ఏస్ అనే రకం ఫైళ్లు విప్పే చోట పెద్ద లోపం ఉందని 2019లో బయటపడింది. పాత సెటప్ అచ్చంగా కంపెనీ ఇచ్చినదే అయినా, లోపం లోపమే. కొత్తగా వాడేవాళ్లు తడబడేది ఇక్కడే.

నెట్ లేనప్పుడు వాడుకోవడానికి సర్కిల్ వాళ్లే ఇచ్చే బ్లూమ్ ఫిల్టర్ ఫైలు, అంటే ఓ హ్యాష్ జాబితాలో ఉందో లేదో మాత్రం చెప్పే కుదించిన రూపం, ముందే దించి పెట్టుకోవచ్చు. వాన పడితే మాకు అదే దిక్కు. అది 'లేదు' అంటే కచ్చితంగా జాబితాలో లేనట్టే. 'ఉంది' అన్నప్పుడు మాత్రం అరుదుగా పొరపాటు ఉంటుంది. అందుకే దాన్ని ఫైళ్లు ఏరడానికే వాడతాను, ఇన్‌స్టాల్ చేసేవి నెట్ వచ్చాక మళ్లీ చూస్తాను. పైగా 2017లోనే గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని పరిశోధన సంస్థ సీడబ్ల్యూఐ కలిసి ఒకే షా-1 ఉన్న రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు చేసి చూపించాయి, కాబట్టి షా-1 ఒక్కదాన్నే నమ్మలేం. తయారీదారు తన సైటులో షా-256 ఇచ్చి ఉంటే చివరి మాట దానిదే.

ఇప్పుడు డిస్కులో 'తెలిసినవి', 'తెలీనివి' అని రెండు ఫోల్డర్లున్నాయి. తెలీనివాటిలో ఒకటి మా మేనల్లుడు రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రాం. ఏ జాబితాలోనూ లేదు. షాపు బిల్లులన్నీ రోజూ దాంట్లోనే కొడతాను.