సంక్రాంతి సెలవుల్లో లారీ దారి: మిర్యాలగూడ, జడ్చర్ల, అలంపూర్ చౌరస్తా

పండగ సెలవులంటే అందరికీ ఊరెళ్ళే రోజులు. మా లారీ డ్రైవర్లకు చేతినిండా పని ఉండే రోజులు. వానాకాలం వడ్లు మిల్లులకు చేరేదీ, ఆడించిన బియ్యం బయటికి పోయేదీ ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లోనే. సరిగ్గా అప్పుడే క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి వరసపెట్టి వస్తాయి. ఆ రద్దీలో బండి ఎట్లాగో నడుపుతాం గానీ, నిద్రొచ్చినప్పుడు ఆపుకోవడానికి మంచి చోటు దొరకడమే గగనం. మిర్యాలగూడలో బియ్యం ఎత్తుకుని బెంగళూరు పోయి, అక్కణ్ణుంచి సూర్యాపేట లోడుతో తిరిగొచ్చాను. మన జిల్లాల్లో ఎక్కడెక్కడ ఆగానో, ఏది బాగుందో, ఏది బాగాలేదో రాస్తున్నాను. కొత్తగా లైన్ మీదికి వస్తున్న తమ్ముళ్ళకు పనికొస్తుంది. కార్లలో పండక్కి పోయేవాళ్ళు చదివినా మంచిదే.

ముందు దారి సంగతి. మిర్యాలగూడ నుంచి బెంగళూరుకు రెండు దారులున్నాయి. నల్లగొండ మీదుగా నార్కట్‌పల్లి పోయి, 65వ నంబరు హైవే మీద పెద్ద అంబర్‌పేట చేరి, ఔటర్ రింగు రోడ్డు తిరిగి శంషాబాద్‌లో 44వ నంబరు హైవే పట్టుకోవడం ఒకటి. 167వ నంబరు రోడ్డు మీద హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి దాటి నేరుగా జడ్చర్లలో తేలడం ఇంకొకటి. మామూలు రోజుల్లో వెడల్పు రోడ్డని చాలామంది మొదటిదానికే పోతారు. భోగికి ముందు మూడు నాలుగు రోజులు మాత్రం అటు పోవద్దని నా మాట. మనం పోయేది హైదరాబాద్ వైపే కదా, రద్దీ అంతా విజయవాడ వైపే కదా అనిపిస్తుంది. కానీ పంతంగి టోల్‌గేటు దగ్గర ఎక్కువ లైన్లు పండక్కి పోయే కార్లకే వదులుతారు, మన వైపు మిగిలేవి కొన్నే. గుంటూరు, ఒంగోలు పోయేవాళ్ళు నార్కట్‌పల్లి దగ్గర దిగి అద్దంకి రోడ్డు పట్టుకుంటారు కాబట్టి నల్లగొండ, మాడ్గులపల్లి, వాడపల్లి దాకా ఆ రోడ్డు కూడా నిండిపోతుంది. అందుకే నేను జడ్చర్ల దారి పట్టాను. మలుపులు, ఊళ్ళు, స్పీడ్ బ్రేకర్లు ఎక్కువే, అయినా బండి ఎక్కడా నిలబడిపోలేదు.

మిర్యాలగూడలో లోడింగ్‌కు మధ్యాహ్నం నంబరు పెట్టిన బండికి బాగా రాత్రయ్యాక గానీ వంతు రాలేదు. పండగ ముందు హమాలీలు తక్కువ, బండ్లు ఎక్కువ. ఇంతలో ఓనర్ ఫోన్లు. పండగలోపు లోడు దిగాలని ఆయనకు టెన్షన్, ఆయన మీద బెంగళూరులో సరుకు తీసుకునే పార్టీ ఒత్తిడి. రోజుకు ఎనిమిది గంటల పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పేది, 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. లైన్ మీద ఆ లెక్క అడిగే ధైర్యం ఎవరికుంది? నేను మాత్రం ఒక్కటే చెప్పాను: మిల్లు గేటు దగ్గర కూర్చున్న టైం నిద్ర కిందికి రాదు, మధ్యలో పడుకునే పోతాను అని. ఆయన సరేనన్నాడు. ముందే చెప్పేస్తే చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు.

ఆ మిల్లులో బాత్రూములు బాగాలేవు, తలుపుకు గడియ కూడా లేదు. వేడినీళ్ళకు మాత్రం వంక పెట్టలేను. వాచ్‌మన్ గది పక్కనే ఊక పొయ్యి, దాని మీద ఇనుప డ్రమ్ము. చలికాలమంతా అది కాగుతూనే ఉంటుందట. బకెట్టుకు పైసలు అడగలేదు. నీళ్ళు తోడుకున్నవాడు ఇంకో బకెట్టు చన్నీళ్ళు డ్రమ్ములో పోసి, పొయ్యిలో రెండు చేటల ఊక వేసి పోవాలి, అంతే నియమం. అందరూ పాటిస్తున్నారు కూడా.

మంచు కురిసే రాత్రి పట్టా కట్టడం గురించి కొత్తవాళ్ళకు ఒక మాట. ముందు భాగం పట్టా అంచు వెనక పట్టా మీదికి రావాలి. తిరగేసి కడితే గాలి లోపలికి దూరి కర్నూలు చేరేలోపు చింపుతుంది. నార తాడు తడి మీద బిగుతుగా అనిపిస్తుంది, పొద్దెక్కి ఆరాక వదులవుతుంది. నేను, క్లీనర్ తమ్ముడు మల్లేపల్లిలో టీ తాగడానికి దిగినప్పుడు ముడులన్నీ విప్పి మళ్ళీ బిగించాం. చేతులు కొంకర్లు పోయి, టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కాసేపు నిలబడితే గానీ తాడు పట్టు దొరకలేదు.

సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు కాబట్టి నిడమనూరు, హాలియా వైపు రోడ్డు మీద వడ్లుంటాయి. ఒక పక్క లేన్ మొత్తం ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి నల్ల కవరు కప్పి, ఎగిరిపోకుండా అంచుల వెంట రాళ్ళు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల కవరు, పైన పొగమంచు. ఎదురుగా వచ్చే బండి లైటు కళ్ళల్లో పడితే ఆ రాయి కనబడదు. బైకుల మీద పోయేవాళ్ళు వీటికి తగిలి చనిపోయిన వార్తలు ప్రతి సీజన్‌లో చదువుతున్నాం. రైతును తిట్టలేను. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కొనరు, ఇంటి దగ్గర కళ్ళం లేదు, మబ్బు పడితే గుండెలో రాయి పడుతుంది. ఊరికో సిమెంటు కళ్ళం కట్టిస్తే ఇద్దరి ప్రాణాలూ కుదుటపడతాయి. అప్పటిదాకా ఆ దారిలో రాత్రిపూట నలభై దాటకుండా పోవడమే.

జడ్చర్ల పెద్ద జంక్షన్. టైరు, గ్రీజు, ఎలక్ట్రికల్ పనులు ఏ వేళకు పోయినా ఎవరో ఒకరు చేస్తారు. భోగి ముందు రోజు రాత్రి కూడా పంక్చర్ షాపు తెరిచే ఉంది, రేటు కూడా పెంచలేదు. పడుకోవడానికి మాత్రం ఊరు దాటాక ఒక బంకులో ఆగాను. ఆయిల్ కంపెనీలు కొన్ని బంకుల్లో అప్నా ఘర్ పేరుతో డ్రైవర్లకు మంచాలు, స్నానాల గదులు, వంట చేసుకునే చోటు ఏర్పాటు చేశాయి. అలాంటి చోట దొరికితే వదలొద్దు. నేను ఆగిన బంకులో అది లేదు. డీజిల్ పోయించుకుంటేనే పార్కింగ్ అన్నారు. సరే అని పోయించుకున్నాక, కార్లు ఎక్కువయ్యాయని తెల్లవారుజామున మూడింటికి అద్దం కొట్టి లేపి బండి తీయించారు. నిద్ర చెడ్డ డ్రైవర్‌ను అదే రోడ్డు మీదికి, ఆ కార్ల మధ్యకే పంపిస్తున్నామని వాళ్ళు ఆలోచించాల్సింది.

క్యాబిన్‌లో పడుకోవడం గురించి కూడా చెప్పాలి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మాది పాత బండి. చలికి అద్దాలు పూర్తిగా ఎక్కించి, లోపల స్టవ్ వెలిగించి వెచ్చగా పడుకునేవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చెయ్యొద్దు. మూసిన క్యాబిన్‌లో పొయ్యి పొగకు, వాసన తెలియని ఆ విషగాలికి నిద్రలోనే ప్రాణం పోతుంది. దుప్పటి ఇంకోటి కొనుక్కోండి, అద్దం నాలుగు వేళ్ళు దించే ఉంచండి.

44వ నంబరు హైవే మీద పెద్ద పెద్ద ఫ్యామిలీ రెస్టారెంట్లు బాగా పెరిగాయి. టాయిలెట్లు శుభ్రంగా ఉంటాయి, లైట్లు ఉంటాయి, లారీ తిప్పితే మాత్రం విజిల్ వేస్తారు. అడ్డాకుల దగ్గర టోల్ దాటి కొత్తకోట మీదుగా పోతుంటే ఒక చిన్న డాబా కనబడింది. మొగుడూ పెళ్ళాం నడుపుతున్నారు. మట్టి నేల మీద కంకర పోసి ఏడెనిమిది లారీలు పట్టేంత జాగా, నాలుగు నులక మంచాలు, ఒక పెద్ద లైటు. దిగగానే ఆమె నా ముఖం చూసి, "అన్నా, ముందుగాల పండుకో. లేశినంక తిందువు, రొట్టె అప్పుడే చేసిస్త" అంది. "డీజిల్ దొంగలున్నారా అక్కా" అని అడిగితే, "మా ఆయన తెల్లారేదాక మేల్కొనే ఉంటడు, కుక్క గూడ ఉన్నది" అంది. నిజంగానే ఆయన మంట దగ్గర కూర్చుని తెల్లవార్లూ బండ్ల చుట్టూ తిరిగాడు. లేచేసరికి భోగి. పెనం మీద నువ్వులద్దిన సజ్జ రొట్టెలు పొంగుతున్నాయి. పాలమూరు వైపు భోగికి అదే వంట. పిండి చేత్తో తట్టి, తడి వేళ్ళతో నువ్వులు అద్ది, పెనం మీద వేశాక పైన నీళ్ళు రాసి తిప్పుతోంది. కలగూర, గడ్డ పెరుగు, ఉల్లిగడ్డ. ఇద్దరికీ కలిపి 180 రూపాయలు, అందులో రెండు బకెట్ల వేడినీళ్ళు, మంచం, కాపలా. క్లీనర్ తమ్ముడు ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, రొట్టె తిన్న" అని చెప్పాడు. పండగ పూట ఇంట్లో లేనివాడికి అంతకన్నా ఏం కావాలి! ఈ దారి మొత్తంలో నేను మనస్ఫూర్తిగా చెప్పగలిగిన చోటు అదే.

కొత్తకోట పక్కనే పాలెం. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బస్సు కాలి 45 మంది చనిపోయింది అక్కడే. తెల్లవారే ముందు గంటలో నిద్ర ఎవరినీ వదలదు. కళ్ళు బరువెక్కితే ఆపాల్సిందే, అయితే రోడ్డు అంచున కాదు. చలికాలంలో ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు జరుగుతుంటాయి. లారీలు ఆగడానికి రోడ్డు పక్కన కట్టిన చోటు (బే) ఉంటే అందులో, లేదంటే డాబా లోపల. బ్రేక్‌డౌన్ అయితే వెనకాల దూరంగా ట్రయాంగిల్, బండికి రిఫ్లెక్టర్ టేపు, నాలుగు ఇండికేటర్లు. కొమ్మలు, రాళ్ళు పెట్టొద్దు, పొగమంచులో అవి ఇంకో ప్రమాదం.

పెబ్బేరులో శనివారం పశువుల సంత ఉంటుంది, ఆ రోజు పొద్దునే దాటేయడం మేలు. బీచుపల్లి కృష్ణా వంతెన మీద పొగమంచు ఎనిమిదింటి దాకా విడవలేదు. ఒడ్డున ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాం. పుష్కర ఘాట్లలో స్నానం చేయొచ్చు, బట్టలు మార్చుకునే గదులు మాత్రం తాళం వేసి ఉన్నాయి. ఎర్రవల్లి చౌరస్తాలో టిఫిన్ బాగుంది, పార్కింగ్ ఇరుకు.

అలంపూర్ చౌరస్తాలో మునుపు చెక్‌పోస్టు దగ్గరే సగం టైం పోయేది. 2025 అక్టోబరులో రాష్ట్రంలో రవాణా చెక్‌పోస్టులన్నీ మూసేశాక అక్కడ ఆగే పని లేదు. డీజిల్ అక్కడే నింపుకుంటే మంచిది, ఆంధ్రాలో కొంచెం ఎక్కువ. రాయచూరు వైపు పోయేవాళ్ళు మాత్రం కర్ణాటకలో పోయించుకోండి, లీటరుకు నాలుగైదు రూపాయలు మిగులుతుంది. జోగులాంబ దర్శనానికి లారీ తీసుకుపోవద్దు, చౌరస్తాలో పెట్టి ఆటో ఎక్కండి.

తిరుగు ప్రయాణం పండగ అయ్యాక. సూర్యాపేట లోడు కాబట్టి 65వ నంబరు హైవే తప్పలేదు. కార్లన్నీ హైదరాబాద్ వైపు తిరిగొస్తున్నాయి, మాకు అటు పోయే రోడ్డు ఖాళీ. పెద్దకాపర్తి, చిట్యాల దగ్గర వంతెన పనుల చోట సర్వీసు రోడ్డులో మెల్లగా నడిచాయి బండ్లు, అంతే. టోల్ దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బుల్లేని ఒక్క కారు నిలబడితే వెనక ఇరవై బండ్లు ఆగుతాయి, ఊరి నుంచి బయల్దేరే ముందే చూసుకోండి. నార్కట్‌పల్లి పక్కన చెర్వుగట్టు శివుడి గుడికి అమావాస్య రాత్రి జనం బాగా వస్తారు, ఆ రాత్రి అక్కడ ఆగడానికి చోటుండదు. మిగతా రోజుల్లో ఆ చుట్టుపక్కల డాబాలు నమ్మకమైనవే, వేడినీళ్ళకు 30 రూపాయలు, కూరలో నూనె ఎక్కువ. సూర్యాపేటలో లోడు దించే గోదాము వాళ్ళు పండగ మత్తులో ఉండి ఒక రోజు ఆలస్యం చేశారు. హాల్టింగ్ డబ్బులు అడిగితే ముందు తల అడ్డంగా ఊపారు, బిల్టీ (సరుకు రవాణా రసీదు) వెనక నేను వచ్చిన టైం రాయించుకుని ఉన్నాను కాబట్టి ఇచ్చారు. గేటు దగ్గర ఆ టైం, సంతకం తీసుకోవడం ఎవరూ మర్చిపోవద్దు.